సవతి తల్లి పడ్డ చప్పుడు

నేను లా చదివాను. పట్టా ఉంది, మా నాన్న కుట్టించిన నల్లకోటూ ఉంది. కోర్టు గుమ్మం తొక్కకముందే పెళ్లి చేసి, చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరైన పెళ్లికొడుకు వెంట డ్రెస్డెన్ పంపించేశారు. దాంతో ఇన్నేళ్ల నా వాదనాపటిమంతా ట్రాములో టికెట్లు చూసేవాళ్ల మీదా, పుదీనా అడిగితే ఇంకేదో ఆకు ఇచ్చే కూరగాయల కొట్టు మీదా, ఎక్కువభాగం మా ఆయన మీదా ఖర్చయిపోయింది. ముగ్గురూ ఎదురు వాదించరు. ఎదురు వాదించని వాళ్లతో వాదన ఉప్పులేని పప్పు.

కరోనా మొదటి వసంతంలో ఆ కొరత తీరింది. మనవరాలిని చూడ్డానికి తణుకు నుంచి వచ్చిన మా అత్తగారు, విమానాలు ఆగిపోయి మా ఇంట్లో చిక్కుకుపోయారు. ఆవిడ మాట వెన్నలా ఉంటుంది. పిల్లిని అదిలించినా "పోండమ్మా" అంటారు. ఆ వెన్నలోనే చేప ముల్లు ఉంటుంది. ఒకమాట అన్నారంటే ఆ మాట మీద ఇల్లు కట్టుకోవచ్చు, ఆవిడ కదలరు.

ఇల్లంటే గుర్తొచ్చింది. మాది పాతకాలపు మేడ, చెక్క నేల, మూడో అంతస్తు. మా కింద ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. రిటైరయ్యాక ఆవిడ పెట్టుకున్న పని మేము చేసే చప్పుళ్లు వినడం. మా అత్తగారు వచ్చిన కొత్తలో చిన్న రాతి రోట్లో కందిపచ్చడి నూరారు. మధ్యాహ్నం ఒంటిగంటకి. జర్మనీలో అది నిశ్శబ్దంగా ఉండాల్సిన వేళ. కిందావిడ ఇంటి యాజమాన్యానికి ఫిర్యాదు చేసింది. వాళ్లు ఉత్తరం రాశారు: ఇది చివరి హెచ్చరిక, ఇంకొక్క ఫిర్యాదు నిజమని తేలితే ఇల్లు ఖాళీ చేయమంటాం.

మా ఆయన ఆ ఉత్తరం చదివి నేలమీద కూర్చుండిపోయారు. "ఈ కరోనాలో మనకి ఇల్లెవడిస్తాడు? ఇల్లు చూడ్డానికి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటే ఇవ్వట్లేదు ఎవరూ."

"ముందు చప్పుడు కాకుండా లేవండి" అన్నాను.

ఆరోజు నుంచి మేమంతా మునివేళ్ల మీద బతికాం. రోలు బాల్కనీలోకి వెళ్లింది. మా అమ్మాయి తాడాట మానేసింది. తుమ్ము వస్తే దిండు వెతుక్కునేవాళ్లం. అలాంటి ఇంట్లోకి ఒక హత్యకేసు వచ్చిపడింది.

జర్మనీలో ఉన్న తెలుగు ఆడవాళ్లం ఆదివారాలు వీడియోలో కలిసేవాళ్లం. మొదట్లో స్తోత్రాలు చదివాం. ఒకరు మొదటి శ్లోకంలో ఉండగానే ఇంకొకరు మంగళహారతి పాడేస్తుంటే భక్తి నిలవలేదు. తరవాత వంటలు పెట్టుకున్నాం. సాంబారులో బెల్లం వేయాలా వద్దా అన్నదాని మీద ఇద్దరు ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు. ఆ తరవాత పాడర్‌బోర్న్‌లో ఉండే ఒకావిడ, "వంటల కంటే హత్యలు నయమండీ, ప్రశాంతంగా ఉంటుంది" అని ఈ కేసు తెచ్చింది.

అమెరికాలో మిల్లులున్న ఒక ఊరు. పంతొమ్మిదో శతాబ్దం చివర, మండువేసవి. ఇంట్లో తండ్రి, సవతి తల్లి, పెళ్లికాని కూతురు, పనమ్మాయి. పొద్దున్న మేడమీద గదిలో సవతి తల్లిని ఎవరో గొడ్డలితో నరికేశారు. తరవాత కొంతసేపటికి, బయటికెళ్లి తిరిగొచ్చి కింద సోఫాలో నడుం వాల్చిన తండ్రినీ అలాగే చేశారు. తండ్రిని చంపినప్పుడు కూతురు తాను పెరట్లో కొట్టం అటక మీద బేరిపళ్లు తింటున్నానంది, సవతి తల్లప్పుడు ఇంట్లోనే ఉన్నా ఏమీ వినపడలేదంది. పనమ్మాయి కిటికీలు కడిగి, ఒంట్లో బాగోలేక పడుకున్నానంది. కూతురి మీద కేసు నడిచింది, జ్యూరీ వదిలేసింది. ఇంకెవరినీ పట్టుకోలేదు. ఇప్పటికీ తేలలేదు.

మా అత్తగారు నా పక్కన కూర్చుని, బీన్స్ తుంపుతూ అంతా విన్నారు. "ఆ ఎండల్లో, రోజుల తరబడి నిలవున్న వేటమాంసం పొద్దున్నే తిన్నారంటండి" అన్నారు. "ఆ ఇంటికి మళ్లీ గొడ్డలెందుకండీ?"

అందరూ నవ్వారు. పాడర్‌బోర్న్ ఆవిడ ఓటింగు పెట్టింది. పక్కన అత్తగారు కూర్చుని ఉన్న కోడళ్లందరూ ఏకగ్రీవంగా కూతురు నిర్దోషి అన్నారు. మా అత్తగారు బీన్స్ ఆపి తెరకేసి చూశారు. "వీళ్లందరూ ముందు జాగ్రత్త పడుతున్నట్టున్నారమ్మాయ్" అన్నారు.

ఆవిడ మాత్రం కూతురే దోషి అన్నారు. కారణం ఒక్కటే. సవతి తల్లి బాగా ఒళ్లున్న మనిషి. అంత మనిషి మేడమీద ధభీమని పడితే కింద వినపడదా? కూతురు ఇంట్లోనే ఉందిగా. విన్నదంటే తెలుసు. తెలిసీ పైకి వెళ్లి చూడలేదంటే తనే.

"గోడలు మందం, తలుపులు మూసి ఉంటాయి, వీధిలో బళ్ల చప్పుడు. వినపడదు" అన్నాను నేను.

"వినపడుతుందమ్మాయ్."

"సాక్ష్యం ఏదండీ?"

"చెవులు."

ఇది ఆ పూటతో పోలేదు. కాఫీ దగ్గర వినపడుతుంది, చపాతీల దగ్గర వినపడదు. మా ఆయన రెండువైపులా "నిజమే" అని తల ఊపి, ఇద్దరికీ కానివారయ్యారు. మరుసటి ఆదివారం వీడియోలోనూ ఇదే గోల. గార్చింగ్‌లో ఏదో పరిశోధన సంస్థలో పనిచేసే వరంగల్ అమ్మాయి ఒకతి విసిగిపోయింది. "గింత లొల్లి ఎందుకక్కా? మీది గూడ చెక్క ఫ్లోరే గద. బరువుది ఏదన్న కింద పడేసి సూడున్రి. అయిపాయె."

ఆ మధ్యాహ్నమే పడేసి చూద్దామని ఇద్దరం ఒప్పుకున్నాం, అయినా నాకు ఉత్తరం గుర్తుంది. అందుకే పకడ్బందీగా ఆలోచించాను. కిందావిడ రోజూ భోజనం కాగానే రెండు చేతికర్రలు పట్టుకుని ఎల్బే నది ఒడ్డుకి నడకకి వెళుతుంది. ఆవిడ అలా వెళ్లగానే పని ముగించాలి. మా అమ్మాయి కింద మెట్లమీద, ఆవిడ తలుపు దగ్గర నిలబడి వినాలి. అంతే. ఆరోజు ఆదివారమనీ, ఆదివారం ఈ దేశంలో మేకు కూడా కొట్టకూడదనీ నాకు తట్టకపోలేదు. వినేవాళ్లే లేనప్పుడు ఆదివారమేమిటి, సోమవారమేమిటి?

కిందావిడ కర్రలతో గేటు దాటడం కిటికీలోంచి చూశాం. లాక్‌డౌన్‌కి భయపడి కొన్న బియ్యం బస్తాలు రెండు తెచ్చి, సవతి తల్లికి బదులుగా ఒకదాని మీద ఒకటి పెట్టి కట్టడం మొదలుపెట్టాం. అక్కడే ఆలస్యమైంది. నేను తాడు తెచ్చాను. మా అత్తగారు తన నేతచీర తెచ్చారు.

"అమెరికా ఆవిడకి చీరేమిటండీ? గౌను కదా."

"గుడ్డ గుడ్డేనమ్మాయ్. తాడైతే చప్పుడు మారిపోద్ది."

చీర చుట్టాక, మా ఆయన చలికోటు తొడగాలన్నాను నేను, లోపల లంగాలు అవీ ఉంటాయి కాబట్టి. అలా తొడిగితే చప్పుడు మెత్తబడుతుందనీ, అది నా వైపు మొగ్గు చూపడమనీ ఆవిడ అభ్యంతరం చెప్పారు. రాజీపడి ఒక తువ్వాలు చుట్టాం. ఆ తరవాత సవతి తల్లి బోర్లా పడిందా, పక్కకి పడిందా అన్న చర్చ వచ్చింది. మేము సవతి తల్లిని మంచం మీద నిలబెట్టి వాదించుకుంటున్నంతసేపట్లో కిందావిడ నది దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, తాళం తీసుకుని లోపలికి కూడా వెళ్లిపోయింది.

మాకు తెలియదు. మూటని మంచం మీదనుంచి తోసేశాం.

అద్దాల బీరువాలో గిన్నెలన్నీ ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. పక్కగదిలో నిద్రపోతున్న మా ఆయన "భూకంపం!" అని పరిగెత్తుకొచ్చి, నేలమీద తన తల్లి చీరలో ఎవరో పడి ఉండటం చూసి గోడ పట్టుకున్నారు. ఆ వెంటనే కిందనుంచి చీపురుకర్రతో కప్పు మీద టక్ టక్ టక్.

"వినపడిందండి" అన్నారు మా అత్తగారు తృప్తిగా.

మా అమ్మాయి పైకి వచ్చింది. "ఆవిడ లోపలికి వెళుతుంటే చెప్పాలి కదే!" అన్నాను.

"నువ్వు లిజన్ చేయమన్నావ్ మమ్మీ. ఐ లిజన్డ్. ఆమెకి గూటెన్ టాగ్ కూడా చెప్పాను."

ఇంతలో కిందావిడ వచ్చింది. మాస్కు పెట్టుకుని నాలుగు మెట్లు కింద ఆగి, ఏం పడిందని అడిగింది. జీవితంలో మొదటిసారి నాకొక సాక్షి దొరికింది, వదులుతానా? వచ్చిన జర్మన్‌తో క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టాను. చప్పుడు ఏ వైపు నుంచి వచ్చింది? మీరప్పుడు కూర్చున్నారా, నిలబడ్డారా? కిటికీ తెరిచుందా? వీధిలో ట్రాము వెళ్లలేదా? ఆవిడ ఒక్క వేలు పైకి చూపించి, "పైనుంచి" అంది. తరవాత నాతో లాభం లేదని మా అమ్మాయిని అడిగింది. మా అమ్మాయి చక్కటి జర్మన్‌లో, ఉన్నదున్నట్టు చెప్పింది: సవతి తల్లిని చంపితే కిందికి వినపడుతుందో లేదో మా మమ్మీ, నానమ్మ చూస్తున్నారు.

కిందావిడ రెయిలింగు పట్టుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడే యాజమాన్యం ఫోను. వాళ్ల మనిషి వచ్చి విచారిస్తాడట. మా ఆయన అటక మీద అట్టపెట్టెలు ఎన్ని ఉన్నాయో చూడటం మొదలుపెట్టారు. నేను మా అత్తగారిని వంటింట్లోకి పిలిచాను.

"అత్తయ్యగారూ, అతను అడిగితే, చిన్న చప్పుడే, కిందికి వినపడేంత కాదని చెప్పాలి."

"వినపడింది కదమ్మాయ్."

"వినపడిందంటే ఇల్లు పోతుందండీ."

"వినపడలేదంటే కేసు పోద్ది."

అప్పుడర్థమైంది నా పరిస్థితి. చప్పుడు వినపడకపోతే నా వాదన నెగ్గుతుంది, ఇల్లూ నిలుస్తుంది. వినపడితే రెండూ పోతాయి. న్యాయం, స్వార్థం ఇంత చక్కగా ఒకేవైపు నిలబడటం ఏ వకీలుకీ దొరకదు. కానీ నా ఇంట్లోనే ప్రత్యర్థి సాక్షి ఉంది, నా వంటే తింటూ.

వచ్చినతను పొడుగాటి కుర్రవాడు. పెరట్లోనే దూరంగా నిలబడి మాట్లాడాడు. కిందావిడ చేతులు చాచి చప్పుడెంతో చూపించింది. నేను చేతులు దగ్గరికి తెచ్చి చూపించాను. మా అత్తగారు తెలుగులో ఏదో అనబోతే నేను దగ్గాను. ఆ రోజుల్లో దగ్గితే ఎవరైనా మాట ఆపి రెండడుగులు వెనక్కి వేసేవారు. అతను చివరికి, నేనే వింటాను, మళ్లీ పడేయండి అన్నాడు. అదే మూట, అదే చోటు. తను కిందావిడ గుమ్మంలో నిలబడతాడు. కరోనా కాబట్టి మా ఇంట్లోకి రాడు, మా అమ్మాయి పైనుంచి ఫోనులో ఉండాలి.

గదిలో నేనూ, అత్తగారూ, ఆవిడ చీరలో బియ్యమూ మిగిలాం. మా అమ్మాయి స్పీకర్ పెట్టి తలుపు దగ్గర నిలబడింది. నేను గొంతు తగ్గించి, "నెమ్మదిగా దింపేద్దామండీ" అన్నాను.

 ఆవిడ బాల్కనీలో తాను ఎండబెట్టిన వడియాల వైపు చూశారు. గది గుమ్మంలో అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని నిలబడ్డ కొడుకు వైపు చూశారు. ఆ మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది, నాకు కూడా వేసింది.

"ఆ గొడ్డలి కేసు ఇన్నేళ్లు ఆగింది, ఇంకో నాలుగేళ్లు ఆగుద్దిలే" అన్నారు. "ఇల్లు ఆగదు. అటు పట్టుకో."

ఇద్దరం ఎత్తాం. నేను తలవైపు ముందు దింపుదామన్నాను, ఆవిడ కాళ్లవైపన్నారు. బియ్యానికి తలెటో తేల్చుకుంటున్నాం. అప్పుడు ఫోనులోంచి కిందావిడ గొంతు ఖంగున మోగింది.

"అదిగో! విన్నారా? అదే! అంతకంటే పెద్దది!"

మా అమ్మాయి మమ్మల్ని చూసింది. మూట ఇంకా మా చేతుల్లోనే ఉంది. "నోఖ్ నిష్ట్" అంది ఫోనులో. ఇంకా పడేయలేదు.

 కింద ఆ కుర్రవాడు గొంతు సవరించుకుని, సరే, ఇప్పుడు కానివ్వండి అన్నాడు. పసిబిడ్డని ఉయ్యాల్లో వేసినట్టు దింపాం. నేల కూడా ఉలకలేదు. "వినపడలేదు" అన్నాడతను. కిందావిడ ఏదో అంటూనే ఉంది. పడకముందే విన్నదాన్ని తాను ఫిర్యాదుగా రాసుకోలేనని అతను ఆవిడకి మర్యాదగా చెప్పడం మాకు పైకి స్పష్టంగా వినపడింది.

వెళ్లేముందు పెరట్లోంచి తలెత్తి, ఆ గదిలో తివాచీ పరవమన్నాడు. ఆదివారాలు మాత్రం దయచేసి ఎవరినీ చంపకండి అని కూడా అన్నాడు. మా ఆయన అట్టపెట్టె అక్కడే వదిలేసి, రెండు చేతులూ జోడించి దండం పెట్టారు. జర్మన్ కుర్రవాడికి అది ఎందుకో అర్థం కాక చేయి ఊపాడు.

తలుపు వేయగానే నేను అత్తగారి మీదికి తిరిగాను. "చూశారా? మనిషి చెవుల సంగతి! పడనిదాన్ని కూడా విన్నానంటుంది. ఇంక చప్పుడు సాక్ష్యమేమిటండీ?"

"అదేనమ్మాయ్ నేనూ అనేది" అన్నారు ఆవిడ, చీర ముడులు విప్పుతూ. "పడనిది విన్నానన్న మనిషిని నమ్మనప్పుడు, పడింది వినలేదన్న పిల్లని మాత్రం ఎలా నమ్ముతాం?"

నేను వంగి అవతలి ముడి విప్పడం మొదలుపెట్టాను. లా చదివినదాన్ని.

దుకాణాలన్నీ మూసి ఉన్నాయి కాబట్టి తివాచీ దొరకలేదు. ఇల్లు దక్కిందన్న సంతోషంలో ఆవిడే తన పాతచీరలు నాలుగు మడతలు వేసి, ఆ గదికంతటికీ సరిపడా బొంత కుట్టడానికి కూర్చున్నారు. నేను అవతలి అంచు పట్టుకున్నాను. సగం కుట్టాక ఆవిడ అన్నారు, "అసలు ఆ పనమ్మాయి సంగతేమిటండీ? అంత ఎండలో ఎవరైనా కిటికీలు కడుగుతారా?"

నేను వెంటనే పనమ్మాయి తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. గొంతు బాగా తగ్గించి.