మస్తాన్ వదలని తాడు

2019 చలికాలం. కువైట్‌లో, సులైబియా వైపు ఒక గోదాముకు గోడ ప్యానెళ్లు ఎక్కిస్తున్నాం. నేను లిఫ్టింగ్ సూపర్‌వైజర్‌ని. క్రేన్ ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే ఉద్యోగం. అంతకుముందు మూడేళ్లు లడఖ్‌లో, నాలుగు వేల మీటర్ల ఎత్తున పనిచేసి వచ్చాను. ఆ గొప్ప నా మాటల్లో ఎప్పుడూ ఉండేది.

ఆ ఉదయం అనిమోమీటర్, అంటే గాలి వేగం చూపే మీటరు, సెకనుకు పదకొండు మీటర్లు చూపింది. వెడల్పాటి ప్యానెళ్లకు తొమ్మిది దాటితే ఆపాలని మా కాగితాల్లో ఉంది. బరువు ఊగకుండా కింద నుంచి పట్టే తాడును టాగ్‌లైన్ అంటాం. అది మా రిగ్గర్, అంటే బరువులు కట్టి నడిపించే పనివాడు, రాయచోటి మస్తాన్ చేతిలో ఉంది.

"సార్, ఈ గాలి శానా బరువుగా ఉండాది. తాడు గుంజుకోని పోతాంది. కాసేపు ఆగుదాం."

"లడఖ్‌లో పదకొండులో ఇంతకంటే పెద్దవి ఎత్తాను. నాకు చెప్తావా? యల్లా, కానీ!"

"ఆడ ఎత్తింటారులే సార్. ఈడ తాడు పట్టుకునేది నేను గదా!"

నవ్వి, ఎత్తమని చెయ్యి ఊపాను. ప్యానెల్ పైకి లేస్తూనే గిర్రున తిరిగింది. దాని కింద ఇద్దరున్నారు. మస్తాన్ తాడు వదల్లేదు. ప్యానెల్ అతన్ని ఈడ్చుకెళ్లి ఇనుప స్తంభానికి కొట్టింది. ఆ తాడు పట్టు వల్లే ఆ ఇద్దరూ బతికారు. అతని కుడి మణికట్టు విరిగింది.

రిపోర్టులో నేను "రిగ్గర్ తాడు వదిలేశాడు" అని రాశాను.

"సంతకం పెట్టు మస్తాన్, వార్నింగ్‌తో పోతుంది. లేదంటే ఇక్కడ ఉండే అనుమతి, నీ ఇఖామా, రద్దు చేసి ఇంటికి పంపేస్తారు."

"పంపించుకోండి సార్. నేను తాడు ఇడ్సలే. ఇడిసింటే ఆ ఇద్దరూ ఉండరు. ఈ కాగితం మీద నా ఇరిగిన చెయ్యీ పడదు, బాగుండే చెయ్యీ పడదు."

పది రోజుల్లో అతన్ని పంపేశారు.

ఆ తర్వాత గానీ నేను గాలి లెక్కల పుస్తకం తెరవలేదు. మీటరు చూపేది వేగమే. తోసే బలం గాలి సాంద్రత మీద కూడా ఆధారపడుతుంది. లడఖ్ ఎత్తులో గాలి పలుచన. అదే పదకొండు అక్కడ దాదాపు మూడింట రెండు వంతుల బలంతోనే తోస్తుంది. సముద్రమట్టం దగ్గర, అదీ చలి ఉదయాన, గాలి చిక్కన. మస్తాన్ చేతికి తెలిసింది నాకు తెలియలేదు. అయితే ఈ లెక్క వెనక దాక్కోను. ఆపమని కాగితం చెప్పింది, మనిషీ చెప్పాడు. ఆపనిది నేను.

గత నెల అదే మాట, మస్తాన్ తాడు వదల్లేదన్న మాట కూడా, కంపెనీకి రాసిచ్చాను. "పాత ఫైలు ఎందుకు కెలుకుతావ్? ఉద్యోగం పోతుంది," అన్నాడు మేనేజర్.

"పోనివ్వండి," అని సంతకం చేసి, కాపీ రాయచోటికి పంపాను.

మస్తాన్ ఫోన్ చేశాడు. "చేరింది సార్. ఇంట్లో అందరికీ చదివించినా. ఇప్పుడన్నా ఆగమంటే ఆగుతాండారా?"

ఆగుతున్నాను. తాడు పట్టినవాడు వద్దంటే, మీటరు ఎంత తక్కువ చూపినా, పైనుంచి ఎవరు అరిచినా, నా క్రేన్ లేవదు.