పిల్లికి శుద్ధమైన తిండి

యుద్ధం ముగిసినా రేషను ముగియలేదు. అప్పుడు తిరుపతిలో మా ఇంట్లో తినేవాళ్ళం ఇద్దరమే, నేనూ నా భార్యా. మాకు పిల్లలు లేరు. మూడో నోరు ఒక బూడిదరంగు పిల్లిది. కార్డులో దానికి బియ్యం రాయరు కాబట్టి, నా భార్య తన వంతు అన్నంలోంచి ఒక ముద్ద తీసి మజ్జిగ కలిపి పెట్టేది. తనకు ఆకలి లేదని చెప్పేది. ఆ మాట నేను నమ్మలేదు.

మాది గుడ్డు కూడా గడప దాటని ఇల్లు. ఒకసారి పిల్లి ఉడుతను పట్టుకొచ్చి దేవుడి గూటి కింద పెట్టింది. ఆ రోజు ఇల్లంతా కడిగి, పెరటి తలుపు కింద సందుకు చెక్క కొట్టించింది నా భార్య. అప్పట్నించీ పిల్లికి బయటికి దారి లేకుండా పోయింది.

"ఇంగొక తూరి నీసు ఈ ఇంట్లోకి తెచ్చినావంటే నిన్ను అలిపిరి కాడ ఇడిసిపెట్టి వస్తా, సూడు," అంది పిల్లితో. నాకు వినబడేట్టుగానే అంది. ఆమె అన్నదంటే చేస్తుంది. చేసిన తర్వాత ఎన్నాళ్ళు అన్నం మానేస్తుందో కూడా నాకు తెలుసు.

నేను చింతపండు మండీలో తూకాలూ లెక్కలూ చూసేవాణ్ణి. బడిలో వచ్చిన లెక్క కొంచెమే, మిగతాది తక్కెడ పక్కన నిలబడి నేర్చుకున్నది. ఆ పనిలో ఉన్నవాడికి ఏ సరుకు చూసినా ఇందులో ఏం కలిపారన్న అనుమానమే ముందు పుడుతుంది. చింతపండులో గింజలుంటాయి, బెల్లంలో సుద్ద ఉంటుంది, మిరపకాయలకు రాత్రి నీళ్ళు చల్లి పొద్దున తూకానికి తెస్తారు. అనుమానం లేనివాణ్ణి మండీలో ఎవరూ ఉంచుకోరు.

రైలు స్టేషను దగ్గర ఇంగ్లీషు సామాన్ల అంగడి ఒకటి ఉండేది. గడ్డం సబ్బులు, పాలపొడి, పట్టాళం వాళ్ళు అమ్మేసిన దుప్పట్లు అక్కడ దొరికేవి. ఒకనాడు అక్కడ పిల్లి బొమ్మ ఉన్న రేకు డబ్బా చూశాను. లోపల చిన్న చిన్న బిస్కత్తు ముక్కలు. నీళ్ళలో నానబెట్టి పిల్లికి పెట్టాలట. డబ్బామీద ఇంగ్లీషు. అంకెలు తప్ప నాకు తొందరగా చదవడం రాదు.

"ఇందులో మాంసం ఉండాదా?" అని అడిగాను.

అంగడివాడు నా నుదుటి నామం చూశాడు. "అయ్యో సామీ, మీకు నేను అట్లాటిది ఇస్తానా. శుద్ధ శాకాహారం."

"పిల్లి తిండిలో మాంసం లేకుండా ఎట్లుంటుందబ్బా?"

"ఉండాది కదా, మీ సేతిలోనే ఉండాది."

అంత సులువుగా చెప్పిన జవాబు నాకు నచ్చలేదు. తిరుపతిలో ఏ అంగట్లో అడిగినా ఆ మాటే చెబుతారు. పాదరక్షలు అమ్మేవాడు కూడా చెప్పగలడు. అయినా ఇంట్లో తన ముద్ద పిల్లికి పెడుతున్న మనిషి కళ్ళముందు మెదిలింది. డబ్బా కొన్నాను.

ఇంటికి తీసుకుపోగానే నా భార్య దాన్ని తులసికోటకు అవతల, పెరట్లోనే ఆపేసింది. "ముందు అదేందో తేల్చు. ఆమైన లోపలికి."

మామూలుగా సరుకును నేను నాలుకతో తేలుస్తాను. దీన్ని నోట్లో పెట్టుకోలేను. వాసన చూస్తే రేకు వాసన తప్ప ఏమీ రాలేదు. అప్పుడు నెయ్యి పరీక్ష గుర్తొచ్చింది. నేతిలో కొవ్వు కలిపారని అనుమానం వస్తే నిప్పుమీద ఒక చుక్క వేసేవాళ్ళం. మాంసమైనా, కొవ్వైనా, వెంట్రుకైనా కాలితే వాసన దాగదు. పెరట్లో కుంపటి పెట్టి, ముక్క తర్వాత ముక్క బొగ్గులమీద వేశాను. డబ్బా పైన మంచివి పెట్టి అడుగున వేరేవి పోసి ఉంటాడేమోనని అడుగునుంచి కూడా తీసి వేశాను. అన్నీ ఒకే మాదిరి, మాడిన గోధుమరొట్టె వాసన కొట్టాయి.

నా భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి ఉంది. కాసేపటికి కొంగు తీసింది. "రొట్టే కదయ్యా. పాపం, ఆయప్పను ఊరికే అనుమానించినావు."

అంగడివాడు నిజం చెప్పాడని తేలింది. అయినా నాకు తృప్తి కలగలేదు. ఎక్కడో కూడిక తప్పిందని అనిపిస్తూనే ఉంది, ఏ వరసలో తప్పిందో తెలియలేదు.

పిల్లి ఆ ముక్కలు తిన్నది. అన్నం మిగిలింది, నా భార్య ముఖం కొంచెం తేరుకుంది. ఇరుగుపొరుగుకు కూడా చెప్పుకుంది, మా పిల్లికి పట్నం నుంచి శుద్ధమైన తిండి వస్తున్నదని. మజ్జిగ కూడా మానిపించింది.

మూడో డబ్బా సగంలో ఉండగా పిల్లి ఒళ్ళంతా బొచ్చు రాలడం మొదలైంది. గంపలో పెట్టి తూచాను. గంపను తీసేసి లెక్కవేస్తే, మొదటి డబ్బా తెచ్చిన రోజు తూచినదానికీ ఇప్పటికీ అరవీశె తేడా. రెండోసారి తూచినా అంతే. ఒక సాయంకాలం దీపం పెట్టే వేళ అది అటకమీద నుంచి ఎప్పటిలా కుండమీదికి దూకబోయి, కుండను అందుకోలేక నేలమీద పడింది. లేచి గోడకు తగిలింది. నా భార్య దాని ముఖం ముందు చెయ్యి ఊపింది. పిల్లి తల తిప్పలేదు.

"దానికి కండ్లు అగుపిస్తా లేవయ్యా," అంది.

మర్నాడు అంగడికి పోయాను. ఏదో విషం కలిపాడనే నా అనుమానం.

"ఏం కలిపినావప్పా దీంట్లో? నా పిల్లి సచ్చిపోతా ఉండాది."

అతను కోపం తెచ్చుకోలేదు. బల్లకింద నుంచి అదే బొమ్మ ఉన్న ఇంకో డబ్బా తీశాడు. దానికి అంచున ఎర్ర గీత ఉంది. "మొదట వచ్చింది ఇదే సామీ. దీంట్లో ఎండుచేపల పొడి ఉండాది. ఈడ ఎవురూ కొనలేదు. వచ్చినోళ్ళంతా మాంసం ఉండాదా, మాంసం ఉండాదా అంటే, పట్నంలో సేసేవాళ్ళకు నేనే రాసి పొడి లేకుండా సేపిచ్చినా. మీకోసరమే."

"పొడి తీసేస్తే పిల్లి బతుకుతుందా అని ఎవురూ అడగలేదా?"

"ఎవురడిగినారు సామీ? మీరడిగినారా?"

నేను అడగలేదు. లోపల ఏముందని అడిగాను, నిప్పుమీద కాల్చి చూశాను. ఏం లేదో చూడలేదు. పిల్లి కడుపును నా కడుపుతో కొలిచాను.

ఎర్రగీత డబ్బా కొన్నాను, కానీ దాన్నీ నమ్మలేదు. మండీ పనిమీద పుత్తూరు పోయినప్పుడు, అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు తక్కువ కాబట్టి, సంతలో ఎండు నెత్తళ్ళ చేపలు కూడా కొని తువ్వాలులో మూటగట్టుకున్నాను. బస్సులో నా పక్కన కూర్చున్నాయన ఒకటి రెండుసార్లు నా వైపు చూసి వేరే చోటికి మారిపోయాడు. ఇంటివెనక సందులో రెంటినీ వేరువేరుగా నానబెట్టి, ఆ నీళ్ళను రెండు పెంకుల్లో ఎండకు పెట్టాను. నెత్తళ్ళ నీళ్ళు ఎండిన పెంకులో తెల్లగా ఉప్పు పేరుకుంది. రెండో పెంకులో సన్నటి పొర మాత్రమే. అంత ఉప్పు చిన్న ఒంటికి మంచిది కాదని డబ్బానే ఎంచుకున్నాను. అదే మేలైనదని ఇప్పటికీ ప్రమాణం చేయలేను. ఉన్న రెంటిలో తేడా కంటికి కనబడింది, అంతే.

మిగిలింది నా భార్యకు చెప్పడం. అంగడివాడి మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది. అంతా అయినాక లేచి, పెరటి తలుపు కింద తానే కొట్టించిన చెక్కను కత్తిపీటతో పెకలించడం మొదలుపెట్టింది. రాలేదు. నేను పోయి పట్టుకున్నాను.

"ఆ నీసు ఇంట్లోకి మాత్రం రాకూడదు," అంది.

"రాదు."

"మన గిన్నె ముట్టకూడదు."

"చిప్ప పెట్టినాను, గోడ అవతల."

అప్పట్నించీ పొద్దునే నేను పిల్లిని ఎత్తుకుపోయి గోడ అవతల దించేవాణ్ణి. అది తింటుంటే నిలబడి, తిన్నాక తడిగుడ్డతో దాని మూతి తుడిచి తెచ్చేవాణ్ణి. బొచ్చు తిరిగి వచ్చింది, తూకం కూడా వచ్చింది. చూపు సగమే వచ్చింది. ఆ తర్వాత అది బతికినన్నాళ్ళూ దూకేముందు ఆగి, ముందరి కాలితో అంచు తడిమి చూసుకునేది.

నా భార్య ఒక్కసారి కూడా గోడ అవతలికి తొంగిచూడలేదు. నేను పిల్లితో లోపలికి రాగానే మాత్రం పొయ్యివైపు తిరిగే అడిగేది.

"తినిందా?"

"ఏమి?"

"ఏమో నాకెందుకు. తినిందా లేదా అది సెప్పు."

"తినింది."

"అంతా?"

"అంతా."

అప్పుడు తన కంచం పెట్టుకునేది.