బావ చెవి, నా చెవి

ఇవాళ పొద్దున కూడా ఫోన్ మోగింది. సూరత్‌లో మా ఆల్థాన్ ఇంట్లోనే మోగింది, బావ నంబరుకు పెట్టిన పాట వినగానే చేసింది ఆయనే అని తెలిసింది, కానీ ఏ మూల నుంచో తెలియక పరుపు కింద, బియ్యం డబ్బా వెనక, ఆఖరికి మా ఆవిడ కొంగు ముడిలో కూడా వెతికాను. ఆగిపోయాక దొరికింది, పప్పు డబ్బాల నడుమ. నాకు సూరత్ పొగరెక్కిందనీ, "ఇంకోసారి ఎత్తకుంటె వాని గడప తొక్క" అనీ మొన్ననే బావ మా అక్కతో చెప్పించాడు.

సూరత్ పక్కనే సచిన్ అనే చోట మిల్లు ఆఫీసులో పనిచేసే మా అమ్మాయి ఓదార్చబోయి ఇంకా మండించింది. శబ్దపు అల ఒక చెవిని ముందు, రెండోదాన్ని రవ్వంత వెనక తాకుతుందట, ఆ రెండు అలల ఎత్తుపల్లాల తేడాను బట్టి మెదడు దిక్కు పట్టుకుంటుందట. వాళ్ల మిల్లులో వరసగా మైకులు బిగించిన యంత్రమొకటి అదే లెక్కతో కీచుమనే మరమగ్గాన్ని చూపిస్తుందట. నాకు పనిచేసేది కుడి చెవి ఒక్కటే. ఎడమది బమ్రోలి షెడ్డులో నేను నడిపిన సాంచాలు, అదే మరమగ్గాలు, ఎప్పుడో తినేశాయి. బావకు సరిగ్గా దానికి ఎదురు, కుడిది పోయింది.

అయినా, బావా నేనూ ఆ షెడ్డులోనే కలిసి పనిచేసే రోజుల్లో, ఓనాడు ఏదో సాంచా కీచుమంటుంటే, దోమ పాడితే అది ఏ గల్లీ దోమో చెప్పేవాణ్నని షెడ్డు యజమాని శేఠ్ దగ్గర కోతలు కోశాను. సాయంత్రంలోగా దొరక్కపోతే మా సాంచాలు వేరేవాళ్లకిస్తానన్నాడాయన.

"నోరు నీది, పని నాదా? గిట్ల ఇరికిస్తివేందిర బామ్మర్దీ!" అన్నాడు బావ.

"ఫికర్ చెయ్యకు బావా. నీదొకటి, నాదొకటి, రెండు చెవులున్నయి గద!"

షెడ్డుకు ఆ చివర ఆయన, ఈ చివర నేను, మధ్యన పాలిస్టర్ దారం. ఎవరికి ముందు వినబడితే వాళ్లు లాగాలి. ఇద్దరం ఒక్కసారే లాగాం, దారం తెగింది. మళ్లీ ముడేశాం, మళ్లీ తెగింది. విసిగిపోయి సాంచాలన్నీ ఆపించాం. అంత నిశ్శబ్దంలోనూ కీచుమంటూనే ఉంది, శేఠ్ గద్దె మీది పంకా. పని ఆగినందుకు మా సాంచాలు పోనే పోయాయి, బావ చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

చెవులు రెండున్నా మధ్యలో తల ఒకటే ఉండాలి నాన్నా అని ఇప్పుడు నవ్వుతోంది మా అమ్మాయి. ఆ ముక్క అప్పుడు చెప్పినవాడు లేడు.

బావ సిరిసిల్ల దగ్గరి సొంతూరికి వెళ్లిపోయి ఏళ్లయింది. ఇప్పుడు మధ్యలో దారమూ లేదు, ముడేసుకుందామంటే. పప్పు డబ్బాల మధ్య నిలబడే తిరిగి ఫోన్ చేశాను. మోగింది, మోగుతూనే ఉంది. అలిగి ఎత్తడం లేదో, నాలాగే దిండ్లు తిరగేస్తూ ఏ మూలనుందో అని తిట్టుకుంటున్నాడో! మంచి చెవికే ఆనించి విన్నాను గానీ, ఆ రెంటికీ తేడా మాత్రం వినబడలేదు.