రాజీ అయ్యాక వచ్చిన వారంటు

ఆ పొద్దున నేను గంపలు ఎత్తి మేకపిల్లలను తల్లుల దగ్గరకు వదులుతున్నాను. దొడ్డి ముందు మోటారు సైకిలు ఆగింది. దిగినాయన కానిస్టేబులు. కోర్టు కాగితాలు ఊళ్లకు తెచ్చిచ్చే మనిషి. అంతకుముందు సమను తెచ్చింది కూడా ఆయనే.

"ఏం మే, రెండు వాయిదాలకు రాలేదంట. ఉదయగిరి కోర్టు నుంచి నీ మీద వారంటు వచ్చుండాది," అన్నాడు.

"వారంటేందయ్యా? మా కేసు తెగిపోయింది గదా!"

"ఎవురు తెంచినారు?"

"పెద్దమనుషులు."

ఆయన నవ్వాడు. "వాళ్లు తెంచినట్టు జడ్జమ్మకు కలొచ్చిందా? రేపు పదిన్నరకల్లా నీ అంతట నువ్వే పోయి నిలబడు. లేకుంటే ఎల్లుండి నేనే నిన్ను తీసకపోవాల. నా చేతుల్లో ఏం లేదు."

ఆయన వెళ్లిపోయాడు. అక్కడే పెంటికల మీద కూలబడ్డాను. మా ఆయన పోయి మూడేళ్లు. ఇంట్లో నేనొక్కదాన్నే. నన్ను లోపల వేస్తే ఈ జీవాలను ఎవరు తోలుకుపోతారు? ఐదు మేకలు నెల లోపల ఈనేటట్టున్నాయి. 

అసలు జరిగింది ఇది. మా మామ పోతూ వదిలిన రెండెకరాల మెట్ట ఆత్మకూరు వైపు ఉంది. అది తనకే రావాలని మా బావ, అంటే మా ఆయన అన్న, ఆత్మకూరు కోర్టులో దావా వేశాడు. అది నడుస్తుండగానే ఒకరోజు నా దొడ్లోకి వచ్చి, జీవాల్లో కూడా భాగం ఉందని రెండు మేకల మెడకు తాడు వేశాడు. నా చేతిలో కొమ్మలు దించే దోటి ఉంది. తిప్పి కొట్టాను. ఆయన నుదురు చిట్లింది. దాని మీద ఆయన పెట్టిన కేసు ఉదయగిరిలో పడింది. భూమి ఎక్కడుంటే దాని కేసు అక్కడ, దెబ్బ ఎక్కడ తగిలితే దాని కేసు అక్కడ అని నాకు తర్వాత తెలిసింది.

ఎండాకాలంలో పెద్దమనుషులు మమ్మల్ని బడి వరండాలో కూర్చోబెట్టి చెరి ఒక ఎకరా అన్నారు. ఇద్దరి చేత ఆకు వక్క మార్పించారు. మా వైపు ఆకు వక్క మారిందంటే తగువు చచ్చినట్టే. మళ్లీ దాని పేరెత్తిన వాళ్లది మాట తప్పిన బతుకు. బావ ఆత్మకూరు పోయి దావా వెనక్కి తీసుకున్నాడు. నా మీది కేసూ దాంతోనే పోయిందనుకున్నాను. పైగా వాయిదాకు పోతే మాట తప్పినదాన్ని అవుతానని, ఉదయగిరి బస్సు కళ్ల ముందు పోతున్నా ఎక్కలేదు.

మధ్యాహ్నం బావ ఇంటికి పోయాను. మా ఇళ్లలో బావతో మరదలు ఎదురుపడి మాట్లాడదు. అరుగు దిగువన నిలబడి తోడికోడలితో చెప్పాను.

"అక్కా, రేపు ఆయన్ని కోర్టుకొచ్చి రాజీ అయినామని ఒక్క మాట చెప్పమను. నన్ను జైల్లో వేస్తారంట."

లోపల నుంచి బావ గొంతు వచ్చింది. "కొట్టేటప్పుడు ల్యాకపోయిందా ఆ బయ్యం? నేను రానని చెప్పు."

అక్క తలుపు వైపు తిరిగింది. "నీకేం రోగం? నోటి మాటే గదా అడిగేది!"

"నీకు తెల్దులేవే. కేసు పెట్టి మళ్లీ లేదంటే, అబద్ధం కేసు పెట్టినావని నన్నే లోపలేస్తే?"

అప్పుడు తెలిసింది, ఆయనకూ నాకున్న భయమే ఉందని. దాంతో నా భయం తగ్గలేదు, ఇంకా పెరిగింది. భయపడ్డ మనిషి రాడు.

మరుసటి రోజు ఒక్కదాన్నే పోయాను. ఆడవాళ్లకు వకీలును కోర్టే ఇస్తుందని చెప్పి గుమాస్తా ఒక లాయరమ్మను చూపించాడు. ఆమె వారంటు ఆపమని అర్జీ రాసి, "పిలిచేవరకు ఇక్కడే ఉండు," అంది. బల్ల మీద కూర్చున్నాను. ముందు ఒక మొగుడూ పెళ్లాన్ని పిలిచారు. మాట్లాడుకుని రమ్మని ఇద్దరినీ బయటికి పంపారు. తర్వాత గట్టు తగువు. కొలతలు రాలేదని ఇంకో తారీఖు ఇచ్చారు. ఆ తర్వాత ఒకతన్ని పోలీసులు తెచ్చారు. ఏదో రాశారు, నిమిషంలో వెనక్కి తీసుకుపోయారు. ఒక్కొక్కరిది ఒక్కో తీరు. నాది ఏ తీరో తెలియక, ఆ పోలీసులు పోయిన తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

నా పేరు పిలిచారు. బోనులో నిలబడి దాని అడ్డకర్ర పట్టుకున్నాను.

"ఎందుకు రాలేదమ్మా?" అని జడ్జమ్మ అడిగింది.

ఆకు వక్క సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు.

"ఊళ్లో కలిస్తే మంచిదే. భూమి దావా మీ బావ వేసింది, ఆయనే వెనక్కి తీసుకోవచ్చు. దెబ్బ కేసు అట్లా కాదు. దెబ్బ ఆయనకు తగిలినా నీ మీద కేసు నడిపేది ప్రభుత్వం. చిన్న దెబ్బ కాబట్టి రాజీకి వీలుంది. పెద్దదైతే మీ ఇద్దరూ కావాలన్నా కుదరదు. పది రోజుల్లో లోక్ అదాలత్ ఉంది, ఆ రోజున ఆయన్ని తీసుకురా."

వారంటు ఆపారు. కానీ ఆయన రాకపోతే? ఆ పది రోజులూ రోడ్డు మీద మోటారు సైకిలు చప్పుడు వినపడితే దొడ్లోకి దూరి తడిక వేసుకున్నాను. లాయరమ్మ ఫోనులో బావతో మాట్లాడానంది. ఏమన్నాడో నాకు చెప్పలేదు.

అదాలత్ రోజున పదకొండు దాటాక అక్క ముందు, బావ వెనక వచ్చారు. అక్కే లాక్కొచ్చినట్టుంది. ఆయన చొక్కా చెమటకు వీపుకు అతుక్కుపోయింది.

"నిన్ను ఎవరైనా బెదిరించి తెచ్చారా?" అని జడ్జమ్మ అడిగింది.

"లేదమ్మా. దొడ్లోకి పోయింది నేనే. తాడేసింది నేనే. ఆ సంగతి కేసు పెట్టినప్పుడు చెప్పలా." నుదురు తడుముకున్నాడు. "మా తమ్ముడి పెళ్లామమ్మా. వదిలేయండి."

ఆయన వేలిముద్ర వేశాడు. నేను అక్షరాలు కూడబలుక్కుని నా పేరు రాశాను. కేసు అయిపోయింది, వెళ్లొచ్చు అన్నారు. అందరూ కదిలారు. నేను కదల్లేదు.

"ఇంకేమమ్మా?" అంది జడ్జమ్మ.

"అయిపోయిందని పెద్దమనుషులు గూడా చెప్పినారమ్మా. నా మీద ఏం లేదని ఒక కాగితం ఇస్తారా?"

వెనక ఎవరో నవ్వారు. ఆమె తీర్పు నకలు ఇమ్మని గుమాస్తాకు చెప్పింది. నకలు వచ్చేవరకు మూడు గంటలు ఆ బల్ల మీదే కూర్చున్నాను. అక్క బస్సుకు రమ్మని రెండుసార్లు పిలిచినా లేవలేదు.