ఎనిమిదో నంబరు కోడలు

ఆదోనిలో శేషప్ప మేడ మెట్లు యశోద ఒక్కొక్కటే ఎక్కుతోంది. ముందు అత్త లక్ష్మక్క ఆయాసపడుతూ ఎక్కుతోంది. వెనక మొగుడు ఉరుకుందు, మోచేతికి కట్టుతో. మొన్న ఎమ్మిగనూరు నుంచి వస్తూ, కాలవ మీది మోరీ మలుపులో బర్రె అడ్డమొస్తే అతని ఆటో పక్కకు పడిపోయింది. చెయ్యి చీరుకుపోయిందంతే. కానీ పెండ్లయి ఏడాది తిరక్కముందే ఇట్లా జరిగిందని లక్ష్మక్కకు అన్నం దిగడం లేదు.

శేషప్ప పుట్టిన తేదీలు కూడి మనుషుల నంబర్లు తీస్తాడు. ఈ సంబంధం ఖాయం చేసింది కూడా ఆయనే. ఉరుకుందుది జూన్ పది. ఒకటీ సున్నా కూడితే ఒకటి. యశోదది జూలై ఒకటి, అదీ ఒకటే. "ఇద్దరూ సూర్యుని బిడ్డలు. కండ్లు మూసుకోని చేసుకోండి" అన్నాడు అప్పట్లో.

ఈసారీ అదే లెక్క వేసి తల ఊపాడు.

"కోడలితో దోషం లేదు లక్ష్మక్కా. నీ కొడుకు ఆటో నంబరు కూడితే ఎనిమిదొస్తాంది. ఎనిమిదంటే శని. ఒకటో నంబరోనికి పగ."

"బ్రేకు కూడా కొంచెం..." అని ఉరుకుందు ఏదో అనబోయాడు.

"నువ్వుండ్రా! పెద్దాయన సెప్తాంటే" అని కసిరింది తల్లి. "అన్నా, బండికే ఇంతుంటే, ఇంట్లో మనిషిదే ఎనిమిదైతే ఎట్లన్నా?"

"బండినన్నా అమ్ముకోవచ్చుక్కా. ఎనిమిదో నంబరు పెండ్లాన్ని యాడ అమ్ముతావు? మొగుడు దక్కడు, అంతే."

శేషప్ప నవ్వాడు. ఉరుకుందూ నవ్వాడు. యశోద మాత్రం చాప అంచు గట్టిగా పట్టుకుంది. ఆమె జూలై ఒకటిన పుట్టలేదు.

వాళ్ళమ్మది నందవరం పక్క పల్లె. బడిలో చేర్చేటప్పుడు సారు ఎప్పుడు పుట్టిందని అడిగితే, "గోకులాష్టమి నాడు సారూ, అందుకే యశోదని పెట్టుకున్నాం" అంది అమ్మ. సారుకు కావలసింది తేదీ. సంవత్సరం మాత్రం సరిగా అడిగి, జూలై ఒకటి అని రాసుకున్నాడు. ఆ బడిలో సగం మంది పిల్లలు జూలై ఒకటిన పుట్టినవాళ్ళే. ఆరో తరగతిలో ఉండగా ఇంటిల్లిపాదీ మిరప కోతల సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు పోయారు. యశోద చదువు అక్కడితో సరి. ఆ తేదీ మాత్రం ఆధార్‌లోకి ఎక్కి, అక్కడి నుంచి శేషప్ప దాకా వచ్చింది.

అష్టమి అంటేనే ఎనిమిది కదా అని ఆమెకు తట్టింది. ఇంటికొచ్చి, బట్టలుతికే బండ దగ్గర కూర్చుని, తాను పుట్టిన సంవత్సరం క్యాలెండరు ఫోన్లో వెతికింది. గోకులాష్టమి ఆగస్టు ఇరవై ఆరున పడింది. రెండూ ఆరూ. వేళ్ళ మీద లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. ఎనిమిదే.

ఆ రోజు నుంచి ఆమె మొగుడి ఆటో ఎక్కలేదు. పత్తి ఏరడానికి నడిచే పోయింది. మంచినీళ్ళు అడిగితే చేతికివ్వకుండా గోడ మీద పెట్టింది. పొద్దున అతను బయల్దేరేటప్పుడు ఎదురు రాకుండా పెరట్లోకి పోయి, ఆటో చప్పుడు వినిపించనంత దూరం పోయేదాకా అక్కడే నిలబడేది. ఫోన్ మోగితే చాలు, ఆటో పడిందన్న కబురేమో అనుకునేది.

ఇంతలో లక్ష్మక్క ఆటోకు బేరం కుదిర్చింది. గూడూరు మనిషి మరుసటి రోజే వచ్చి తోలుకుపోతాడని ఖాయమైంది. ఆ సాయంత్రం ఉరుకుందు దానికి నీళ్ళు పోసి, పండగనాటి ఎద్దును తుడిచినట్టు తుడుస్తున్నాడు. యశోద గోడ పక్క నుంచి చూస్తూ ఉంది.

"నా మీద మనసు లేకుంటే సెప్పు మే" అన్నాడు అతను తలెత్తకుండానే. "మీ అమ్మోళ్ళింట్లో ఇడిసొస్తా. ఆటో ఉన్నెప్పుడే."

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఆటో అమ్మొద్దు. తప్పు దానిది కాదు. ఎనిమిది నాది."

అంతా చెప్పింది. అరుగు మీద చెనక్కాయలు ఒలుస్తున్న లక్ష్మక్క చేట పక్కన పడేసి లేచింది.

"ఎంత మోసం మే! నా కొడుకు సూర్యుని నంబరోడు. వాని నెత్తిన శనిని కూర్సోబెట్టినారా మీయమ్మా నువ్వూ!"

యశోద తల వంచుకుంది. ఇక సంచి సర్దుకోవడమే మిగిలిందనుకుంది.

ఉరుకుందు తడిగుడ్డ చేతిలో పట్టుకుని అట్లే నిలబడ్డాడు. "మా, నేను యాడ పుట్టినాను?"

"సుగ్గిలో. మిరప చేనుకాడ గుడిసెలో. ఎన్నిసార్లు సెప్పల్ల?"

"ఎట్లుండె ఆ పొద్దు?"

"ఒకటే సలి. గోనెసంచి కప్పి నిన్ను సంకలో పెట్టుకుంటి..."

"జూన్‌లో సలేందిమా?"

లక్ష్మక్క వంగి చేట సరిచేసింది. తలెత్తకుండా మెల్లగా అంది, "బడిలో సారు రాసుకున్నాడప్పా. అందరికీ రాసినట్లే. పెండ్లికి ఏదో ఒక తేదీ కావాలంటిరి, ఇచ్చినాం."

"మరి శేషప్ప ఇన్నాళ్ళూ ఎవుని నంబరు జూసినాడుమా?"

ఎవరూ నవ్వలేదు. లక్ష్మక్క అరుగు మీద కూలబడి కొడుకు ముఖంలోకి కొత్త మనిషిని చూసినట్టు చూసింది. యశోదకు భయం తగ్గలేదు. ఇప్పుడది అత్త ముఖంలోనూ కనబడుతోంది, అంతే తేడా. గూడూరు మనిషికి మాత్రం ఉరుకుందు ఫోన్ చేసి రావద్దన్నాడు. తల్లి అడ్డం చెప్పలేదు.

మర్నాడు పొద్దున యశోద ఆటో ఎక్కింది. వెనక సీట్లో కమ్మీ పట్టుకుని కూర్చుంది. మోరీ మలుపు వచ్చింది. ఉరుకుందు బ్రేకు తొక్కాడు. ఆటో వెంటనే ఆగలేదు. ఇంకొంత దూరం జారి, ఒక పక్కకు లాగి, అప్పుడు నెమ్మదించింది.

"ఏందది?"

"బ్రేకు. ఆ పొద్దూ ఇట్లే లాగింది. శేషప్పకాడ సెప్పబోతే మాయమ్మ నోరు మూపిచ్చె."

యశోద ముందుకు వంగి అతని భుజం పట్టుకుంది. చాలా రోజుల తర్వాత ఆమె చెయ్యి అతన్ని తాకింది.

"మెల్లగా పోనీ. ఆదోనిలో ముందు మెకానిక్ కాడ ఆపు."

"గిరాకీ?"

"నన్ను ఎక్కించుకున్నావు కదా. ఇంకెవురినీ ఎక్కించుకోవద్దు."

ఆదోని వచ్చేదాకా ఆమె ఒక చేత్తో కమ్మీనీ, ఇంకో చేత్తో అతని భుజాన్నీ వదల్లేదు.