గేర్ పెట్టెలో నీళ్లు

ఈ అక్టోబరులో ఒక ఆదివారం ఎదురింటాయన డ్రమ్ము నిండా నీళ్లు పట్టి, అందులోకి పడవ మోటార్ దింపి నడిపాడు. చలికాలానికి కట్టిపెట్టే ముందు కార్బురేటర్‌లోకి నూనె కొట్టి, లోపలి భాగాలకు పూత పట్టేదాకా నడపాలి. తెల్లటి పొగ రోడ్డు దాటి మా వంటింట్లోకి వచ్చింది. కాస్త తియ్యగా, గొంతులో పట్టేసే వాసన. కిటికీ మూసేయమని నా భార్య అంటే మూసేశాను. ఆ రోజు ఇక చదువుతున్న పుస్తకం తెరవలేకపోయాను. నాకు ఈ పని నేర్పిన వెంకటరత్నం గారు పోయి ముప్పై ఏళ్లు దాటిపోయింది. ఆయన గురించి మంచిగా రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా చివరికి నా తప్పు దగ్గరికే వచ్చి ఆగిపోతాను.

ఎనభైల మొదట్లో నేను షామ్‌బర్గ్‌లో, ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో మెషిన్ మీద పనిచేసేవాణ్ణి. మా అక్క స్పాన్సర్ చేస్తే అమెరికా వచ్చాను. చదువు ఇంటర్ దగ్గరే ఆగిపోయింది. మా చుట్టుపక్కల తెలుగువాళ్లందరూ డాక్టర్లు, ఇంజనీర్లు. పరిచయమైన ప్రతివాళ్లూ ముందు ఏం చదివావని అడిగేవారు. అందుకే లైబ్రరీని పట్టుకున్నాను. షిఫ్టు దిగి నేరుగా అక్కడికే వెళ్లి, అర్థమైనా కాకపోయినా ఒక షెల్ఫు పూర్తిచేసి పక్క షెల్ఫుకి వెళ్లేవాణ్ణి. చిన్న ఇంజన్ల రిపేరు పుస్తకం చంకలో పెట్టుకుని వస్తుండగా మా వీధిలోనే ఉండే వెంకటరత్నం గారు ఆపారు. ఆయన మెకానికల్ ఇంజనీరు, మా నాన్న వయసు.

“నీకే ఇంజన్ ఉందోయ్?” అని అడిగారు.

ఏదీ లేదన్నాను.

“పెళ్లి కాకుండా విడాకుల పుస్తకం చదివినట్టుంది. రా, నా గరాజ్‌లో ఒకటుంది.”

అలా ఆయన నాకు బాబాయ్ గారయ్యారు. ఆయనకొక చిన్న అల్యూమినియం పడవ ఉండేది. శాకాహారి అయినా గంట డ్రైవ్ చేసి లేక్‌కి వెళ్లి, చేపలు పట్టి మళ్లీ నీళ్లలోకే వదిలేసేవారు. తినని చేపల కోసం ఇంత పెట్రోలెందుకని సుశీల పిన్ని ఎగతాళి చేసేది. మోటార్ కట్టిపెట్టే పనికి ఆయన ఏటా ఆయుధపూజ రోజునే ఎంచుకునేవారు. పని పూర్తయ్యాక పిన్ని వచ్చి మోటార్ మూతకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది. వసంతం దాకా ఆ బొట్టు అలాగే ఉండేది.

ప్రొపెల్లర్ దగ్గర గేర్లుండే పెట్టెకి కింద ఒక మరమేకు, పైన ఒక మరమేకు ఉంటాయి. పొగ పెట్టడం కన్నా ముందు ఆయన కింది మర విప్పి, కారిన నూనెను గాజుసీసాలో పట్టి వెలుగుకెత్తి చూసేవారు. ప్రొపెల్లర్ ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీలు దెబ్బతిని నీళ్లు చేరితే ఆ నూనె పాలు కలిపిన కాఫీలా తెల్లబడుతుంది. ఆ నీళ్లు గడ్డకడితే పెట్టె పగులుతుంది. ఒక ఏడాది, కొత్త నూనె పోసి నాలుగు నెలలే అయిందనీ, సీజన్‌కొకసారి మారిస్తే చాలని పుస్తకంలో ఉందనీ నేను పేజీతో సహా చెప్పాను. “మార్చడానికి కాదురా, చూడడానికి,” అన్నారు. ఆ మాట నాకు చాదస్తంలా తోచింది.

ఒక ఆగస్టులో గేలం దారం ప్రొపెల్లర్‌కి చుట్టుకుంది. చేతికి అందినంత తెంపేసి వచ్చేశాం. సెప్టెంబరులో ఆయనకు పాంక్రియాస్ క్యాన్సర్ అని తేలింది. వసంతం దాకా ఉంటే గొప్పేనన్నారు డాక్టర్లు. ఆయుధపూజ నాటికి ఆసుపత్రిలో ఉన్నారు. చూడ్డానికి వెళ్తే నా మణికట్టు పట్టుకున్నారు.

“ఏప్రిల్‌లో ఒక్కసారి లేక్ మీదికి వెళ్లాలోయ్. నా చేత్తో నేనే డ్రైవ్ చేయాలి. మోటార్ నీ రెస్పాన్సిబిలిటీ.”

మీరు నిశ్చింతగా ఉండండన్నాను. మర్నాడు గరాజ్‌లో పుస్తకం తెరిచి పెట్టుకుని ఒక్కణ్ణే పనిలో దిగాను. పెట్రోలు గొట్టం తీశాను, పొగ పెట్టాను, ప్లగ్గులు తుడిచాను. గేర్ నూనె జూన్‌లోనే మార్చామని గుర్తొచ్చి, పుస్తకం ప్రకారం అవసరం లేదని ఆ మర జోలికి వెళ్లలేదు. పిన్ని ఆసుపత్రిలో ఆయన దగ్గర ఉంది కాబట్టి బొట్టు కూడా నేనే పెట్టాను. ఒక్కణ్ణే చేశానని గర్వపడ్డాను.

ఆయన ఏప్రిల్ దాకా ఉన్నారు. కోటు లోపల మనిషి లేనట్టున్నా, నడిచే గరాజ్‌కి వచ్చారు. మోటార్ మీద గుడ్డ తీశాను. గేర్ పెట్టె పొడవునా పగిలి ఉంది. కింద నేల మీద తెల్లటి నూనె మరక. ఆయన వంగి పగులు మీద వేలు పెట్టి చివరిదాకా లాగారు. తర్వాత పుస్తకం సంగతి తెలిసినట్టే అన్నారు.

“చదివావు. చూడలేదు.”

కోపంగా అనలేదు. అన్నా బాగుండేది. కొత్త పెట్టె రావడానికి ఆరు వారాలన్నారు షాపువాళ్లు. శనివారానికి వేరే మోటార్ అద్దెకు మాట్లాడాను. గురువారం ఆయన్ని మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇక ఇంటికి రాలేదు.

పన్నెండో రోజున భోజనాలయ్యాక పిన్ని నన్ను పక్కకు పిలిచింది.

“చివర్లో మీ బాబాయ్‌కి బుర్ర పనిచేయలేదురా. గేర్ ఆయిల్ చూడమని నీకు చెప్పడం మర్చిపోయారట. నా మతిమరుపుతో పిల్లాణ్ణి బాధపెట్టానని ఒకటే ఏడుపు. నువ్వేం మనసులో పెట్టుకోకు.”

ఆయన మర్చిపోలేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఎవరో విస్తరాకులు ఎక్కడ పెట్టారని అడుగుతూ వచ్చారు. ఆమె అటు వెళ్లింది.

ఆ తర్వాత చెప్పడానికి ఎన్నో ఏళ్లు దొరికాయి. చెప్పలేదు. పిన్ని ఇప్పుడు ఎడిసన్‌లో కూతురి దగ్గర ఉంటోంది. ఫోన్ చేసినప్పుడల్లా, అంత తెలివైన మనిషికి చివరికి ఆయిల్ సంగతి కూడా గుర్తులేకుండా పోయిందని తలుచుకుంటుంది. నేను ఊఁ కొడతాను.