తువ్వాల కింద తేలిన దోషి

2023 జూన్ 11, ఆదివారం, సాయంత్రం ఏడు గంటల నలభై నిమిషాలకు నేను మా బావ ఎడమచేతి మీద తువ్వాల కప్పి, దాని కింద నా చెయ్యి పెట్టాను. టీవీలో వారం వారం వచ్చే హత్యల ధారావాహికలో చివరి ప్రకటనల విరామం అప్పుడే మొదలైంది. హంతకుడెవరో బావ చెప్పాలి. ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయనకు మాట లేదు, కుడిచెయ్యి లేవదు. ఆయనకు మన మాటలు అర్థమవుతున్నాయో లేదో తేల్చడానికి నాకు తోచిన దారి అదొక్కటే.

తేల్చవలసిన అవసరం వచ్చింది. బావ కొడుకు, అంటే నా మేనల్లుడు, ఆయనను నెలాఖరుకు హైదరాబాదులో ఇలాంటి రోగులను ఉంచుకుని చూసే ఒక కేంద్రంలో చేర్చడానికి ఏర్పాట్లు చేసుకున్నాడు. వాడు చెడ్డవాడు కాదు. పగలంతా గంజ్‌లో రైతుల సరుకు కమీషను మీద అమ్మిపెట్టే అడితి దుకాణం, ఇంటికొస్తే తండ్రికి స్నానం, మందులు, పక్క మార్చడం. నాలుగు నెలల్లో మనిషి సగమయ్యాడు. తండ్రిని ఏమడిగినా తల ఊపుతాడు. అన్నం తిన్నావా అంటే ఊపుతాడు, తినలేదా అన్నా ఊపుతాడు.

"మనిషి లోపల లేడు మామా," అన్నాడు నాతో. "ఉంటే ఇంట్లనే పెట్టుకుందుము. లేని మనిషికి రాయచూరైతేంది, హైదరాబాదైతేంది?"

అక్క ఆ మాట విని వంటింట్లోకి వెళ్ళింది. అప్పటికే ఆమె భర్తతో మాట్లాడటం మానేసి, ఆయన ఎదుటే ఆయన గురించి మాట్లాడటానికి అలవాటుపడింది.

నేను బ్యాంకు ఉద్యోగిని. సాయంత్రం లెక్క కుదరనిదే కుర్చీలోంచి లేవను. తల ఊపడం సాక్ష్యం కాదని నా అభిప్రాయం. అది నిజమో కాదో పోల్చి చూసుకోవడానికి మరో అంకె ఉండాలి. హత్యల ధారావాహికలో ఆ సౌకర్యం ఉంది. ఎనిమిది గంటలకల్లా సరైన జవాబు వాళ్ళే చెబుతారు.

ఆ ధారావాహిక మా రెండిళ్ళకూ పాత వ్యసనం. అందులో నేరపరిశోధకుడికి ఒక పేరుండేది కానీ మేమెవరమూ దాన్ని పలికేవాళ్ళం కాదు. 'సాబు' అంటే చాలు. ఉద్యోగం మానేసిన పోలీసు అధికారి. మే నెలలో కూడా స్వెటరు తొడుక్కుంటాడు. శవం ఉన్న గదిలోకి వెళ్ళేముందు గడప దగ్గర వంగి, అక్కడున్న చెప్పులన్నీ వాసన చూస్తాడు. జేబులో వేయించిన పల్లీలుంటాయి. అనుమానితులకు కూడా తలా నాలుగు పెడతాడు. ఆ రోజు ఇంట్లో ఏం కూర వండారని ప్రతివాళ్ళనూ అడుగుతాడు. ప్రశ్న వేసి జవాబు వినకుండా గోడవైపు తిరిగి నిలబడతాడు. దేనికీ కారణం చెప్పడు. ఆ పనుల అర్థం చెప్పుకోవడమే మా ఆట. చివరి విరామంలో నేను అనుమానితులకు, వాళ్ళు తెర మీదకు వచ్చిన వరుసలో, అంకెలు వేసి పైకి చదివేవాణ్ణి. ఒక్కొక్కరూ ఒక్కొక్క అంకె చెప్పాలి. ఒకసారి చెబితే మార్చడానికి వీల్లేదు.

నా పద్ధతి కొలతకు లోబడినది. సాబు ఎవరి మీద ఎక్కువసేపు నిలిచాడో చూసేవాణ్ణి. బావ పద్ధతి వేరు. ఆయన ముప్పై ఏళ్ళు పత్తి దలాలీ చేసిన మనిషి.

"ఏం బ్యాంకు సాబ్, ఎవరిని పట్టినవ్?" అనేవాడు, మాట ఉన్న రోజుల్లో.

"డ్రైవరే బావా. వాని చెప్పులు సాబు రెండుసార్లు వాసన జూసిండు."

"చెప్పులు వాసన జూసే లోన్లిస్తున్నరా ఏంది మీ బ్యాంకుల?"

"మరి నువ్వేం జూస్తవ్?"

"నేను ఖూనీకోరుని జూడనే జూడ. సాబుని జూస్త. ఇగ ఇను. గబ్బూరు దిక్కు నుంచి బండ్లొస్తయి, గంజ్‌ల కుప్పలు పోస్తరు. కొనేటోడు నచ్చని కుప్పల చెయ్యి పెడ్తడు, పీకుతడు, తడి ఉందంటడు, గింజ ఉందంటడు. నచ్చిన కుప్ప దిక్కు మళ్ళ జూడడు. జూస్తే ధర పెరుగుతదని భయం. సాబు గూడ గంతే. ఎవ్వని దిక్కు జూసుడు బంద్ జేసిండో, వాడే."

తరచుగా ఆయనే గెలిచేవాడు. ఒకసారి హంతకుణ్ణి చూపించే ముందు కరెంటు పోయింది. "యరమరస్‌ల కరెంటు పుట్టిస్తరు, మనింటికొచ్చేసరికి సస్తది," అని నవ్వి, ఆ చీకట్లోనే, "రాస్కో, చిన్న కోడలు," అన్నాడు. మర్నాడు పక్కింటివాళ్ళను అడిగితే చిన్న కోడలే.

తువ్వాల సంగతి కూడా గంజ్‌దే. ధరలు కంప్యూటరులోకి ఎక్కకముందు కొనేవాడూ అమ్మేవాడూ నోరు విప్పేవాళ్ళు కారు. దలాలి ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పితే, దాని కింద వేళ్ళతోనే బేరం నడిచేది. చుట్టూ వందమంది ఉన్నా ధర బయటికి పొక్కేది కాదు. చిన్నప్పుడు బావ వెంట గంజ్‌కు వెళ్ళి ఆ దృశ్యం చూసి ఉన్నాను. నోరు లేకపోయినా ఆ చెయ్యి మిగిలే ఉందని నాకు స్ఫురించినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. వేళ్ళు పట్టుకుని బిగించే బలం ఆయనకు లేదు కనుక, ఎన్నో అంకె అయితే అన్నిసార్లు నా అరచేతిలో నొక్కమన్నాను.

ఆ ఆదివారం లాడ్జి యజమానికి విషం పెట్టిన కథ. ఒకటి డ్రైవరు, రెండు వంటమనిషి, మూడు తమ్ముడు, నాలుగు డాక్టరు. బావ వేలు తువ్వాల కింద కదిలింది. ఒకసారి నొక్కి ఆగాడు. తరువాత మళ్ళీ రెండుసార్లు. మొత్తం మూడు.

"తమ్ముడంటున్నడు," అని ప్రకటించాను. ఎనిమిది గంటలకు సాబు పల్లీలు నములుతూ వెళ్ళి వంటమనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

ఒక్క తప్పుతో ఖాతా మూసేయకూడదని మేనల్లుడికి నేనే చెప్పి, వారం గడువు అడిగాను.

జూన్ 18న అనుమానితులు మళ్ళీ నలుగురే. పేర్లు నెమ్మదిగా, రెండుసార్లు చదివాను. బావ ఒకసారి నొక్కి ఆగి, మరి నాలుగుసార్లు నొక్కాడు. ఐదు. ఐదో మనిషి ఆ కథలోనే లేడు. చేతిని వెనక్కు తీసుకున్నాను. నా ముఖం చూసి మేనల్లుడు టీవీ గొంతు తగ్గించాడు.

"ఎంత నొక్కిండు మామా?"

"ఐదు."

"నలుగురున్న కాడ ఐదు," అన్నాడు, ఎత్తిపొడుపు లేకుండా. "ఊకె ఆశ పెట్టుకోకు మామా. నువ్వు గూడ పరేషాన్ అయితున్నవ్. నెలాఖరు శుక్రవారం తీస్కపోతున్న."

బావ కళ్ళు మూసుకున్నాడు. ఆ రోజు దోషి నాలుగోవాడు. నేను ఆ సంగతి గమనించాను, పట్టించుకోలేదు. లెక్కలో ఒక రూపాయి తేడా వచ్చినా తేడాయే అని నేను నేర్చుకున్న వృత్తి చెబుతుంది.

జూన్ 25న తువ్వాల తీయలేదు. అది బావ భుజం మీదే ఉంది. వీధివైపు గదిలో హైదరాబాదుకు సర్దిన సంచి గోడకు ఆనించి ఉంది. అక్క మొదటిసారిగా వంటింట్లోంచి వచ్చి బావ మంచం పక్కన కూర్చుంది; ఆ ఇంట్లో ఆయనతో కలిసి టీవీ చూసే చివరి ఆదివారం అనుకుని ఉంటుంది. కథ ఒక రైసు మిల్లులో జరిగిన హత్య. సాబు అందరికీ పల్లీలు పెట్టాడు, గుమాస్తా చెప్పులు చాలాసేపు వాసన చూశాడు, మిల్లు యజమాని భార్యను ఏం కూర అని మూడుసార్లు అడిగాడు. విరామం రాగానే అలవాటుకొద్దీ వరుస చదివాను. ఒకటి గుమాస్తా, రెండు యజమాని భార్య, మూడు మేనేజరు, నాలుగు హమాలీ. నా ఓటు గుమాస్తాకు.

అప్పుడు బావ ఎడమచెయ్యి భుజం మీదికి పాకింది. తువ్వాలను లాగాడు. అది సగం జారి ఒళ్ళో పడింది. దాన్ని నావైపు కాదు, అక్కవైపు నెట్టాడు.

"ఏందిది?" అంది అక్క.

"ఏం లేదక్కా, ఖూనీకోరు ఎవరో చెప్తనంటున్నడు," అన్నాను. "చెయ్యి కింద పెట్టు, నొక్కుతడు."

ఆమె కాసేపు ఆ తువ్వాలను చూసింది. తరువాత పరాయివాళ్ళ ముందు పట్టుబడ్డట్టు నవ్వి, చెయ్యి కింద పెట్టింది. గదిలో ప్రకటనల మోత. ఆమె పెదవులు కదిలాయి.

"మూడంట. మేనేజరు."

"ఎంత నొక్కిండు?"

"నాలుగు."

"నాలుగు నొక్కితే మూడంటవేందక్కా?"

"మొదటిది లెక్కల యాడొస్తది తమ్మీ? అది లాభం. ముందు దేవుని పేర లాభమని ఒకటి నొక్కి, జర ఆగి, ఎనక నుంచి కదా అసలు లెక్క. దలాలీ చేసెటోళ్ళు ఎవ్వరైనా గట్లనే మొదలువెడ్తరు."

"నీకెట్ల ఎరుక?"

అక్క ముఖం ఎర్రబడింది. "పెండ్లయిన కొత్తల, మా అత్త ముంగట మేం మాట్లాడుకునేటోళ్ళమా? గంజ్ నుంచి ఎంతమందిని బువ్వకు తెచ్చిండో, చెంబు ఇచ్చేటప్పుడు తువ్వాల కిందనే చెప్తుండె. మొదటి రోజు నాకు తెల్వక ఒక మనిషికి ఎక్కువ వండిన. మా అత్త ఎన్ని తిట్లు తిట్టిందో! గా దినం నుంచి మర్చిపోలే." ఆమె బావవైపు తిరిగింది. నాలుగు నెలల తరువాత, ఆయన గురించి కాదు, ఆయనతోనే అంది: "ఈ బ్యాంకోనికి లాభం సంగతి జెప్పకుండ బేరం పెట్టుకున్నవా? మంచిగైంది నీకు."

బావ నోటి ఎడమ మూల పైకి లేచింది.

నేను లేచి నిలబడ్డాను. ఆ క్షణం నా తలలో జరిగినది మా వృత్తిలో అందరికీ తెలిసిన పనే. ప్రారంభ నిల్వను ఆ రోజు జమగా కట్టేశానని తెలిస్తే, పాత పుటలన్నీ ఒక్క తీసివేతతో సరిపోతాయి. మూడులో ఒకటి పోతే రెండు: వంటమనిషి. ఐదులో ఒకటి పోతే నాలుగు: ఆ వారం దోషి నాలుగోవాడే. ఆయన రెండుసార్లూ సరిగ్గానే చెప్పాడు. ఐదో మనిషి కథలో లేడు, ఆయన లెక్కలోనూ లేడు.

మేనల్లుడికి ఇదంతా చెబుతూండగానే విరామం అయిపోయింది. వాడు నమ్మలేదు, నమ్మకుండానూ లేడు. నోరు తెరిచి తెరవైపు చూస్తున్నాడు. సాబు మిల్లు వాకిట్లోకి వచ్చాడు. కథ మొత్తంలో మేనేజరు చేతిలో పల్లీలు పోసేటప్పుడు మాత్రం ఆయన పక్కకు చూశాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు నేరుగా వెళ్ళి వాడి ముందు నిలబడి, మొదటిసారి కళ్ళలోకి చూశాడు.

"మేనేజరే," అంది అక్క, తానే పట్టినంత గట్టిగా.

మేనల్లుడు టీవీ ఆపేశాడు. మంచం దగ్గరికి వచ్చి నేల మీద కూర్చుని, తువ్వాల ఎత్తి తన చెయ్యి లోపల పెట్టాడు.

"నాయినా, ఖూనీల సంగతి వద్దు. ఒకటంటే హైదరాబాదు పోదాం. రెండంటే ఇంట్లనే. నీ ఇష్టం ఎట్లుంటే గట్ల."

తువ్వాల ఒకసారి కదిలి ఆగింది.

వాడి భుజాలు జారాయి. "ఒకటి. పోతనంటున్నడు," అంటూ చెయ్యి తీయబోయాడు. పుట్టింది దలాలి ఇంట్లోనే అయినా వాడు నేర్చింది కంప్యూటరు బేరం.

"ఆగరా," అంది అక్క. "అది లాభం."

వాడు ఆగాడు. నేను తువ్వాలనే చూశాను. ఆయన తొందరపడలేదు. ముప్పై ఏళ్ళ గంజ్‌లో ఏనాడూ తొందరపడి ధర చెప్పిన మనిషి కాదు. తువ్వాల కదిలింది. మళ్ళీ కదిలింది. అక్కడితో ఆగిపోయింది. మేనల్లుడు ఇంకా కాసేపు వేచి చూశాడు, మూడోది వస్తుందేమోనని. రాలేదు. వాడు తండ్రి చేతి మీద తల ఆనించాడు. అక్క లేచి వెళ్ళి, ఆ సంచిలోంచి బట్టలు తీసి అల్మారాలో సర్దడం మొదలుపెట్టింది.

ధారావాహిక ఆ వర్షాకాలం చివర ముగిసింది. ఆదివారాలు మాత్రం ముగియలేదు. మేనల్లుడు ఇప్పుడు దుకాణం సంగతులు తువ్వాల కింద అడుగుతాడు. పగటిపూట చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకున్నాడు. నేను ఎప్పుడో చూసి మరిచిన పాత కథలు మళ్ళీ పెట్టి బావతో పోటీపడతాను. తాను గెలిచినప్పుడు నా అరచేతిని గిల్లుతాడు. ఆ గిల్లుడుకు అర్థం బ్యాంకు సాబు అనే.

లెక్క ఇది. పోయినవి: బావ మాట, ఆయన కుడిచెయ్యి, సరైన రెండు జవాబులు తప్పుల కింద పడి ఉన్న ఆదివారాలు, చెప్పుల వాసన మీద నా సిద్ధాంతం. మిగిలినవి: వీధివైపు గదిలో మంచం, ఎడమచెయ్యి, తువ్వాల, దోషిని పట్టే కన్ను, ఆయనతో మాట్లాడే అక్క.